యూదుల కథ – 19: నాలుగు మూరల దూరం

గత వారం మనం బాబిలోనియా పండితుల దగ్గర ఆగాం. యెరూషలేములో ఆలయం కూలిపోయి రెండున్నర శతాబ్దాలు దాటినా, యూఫ్రటీసు దేశంలో కూర్చుని, లేని ఆలయంలో బలి ఎలా ఇవ్వాలన్న దగ్గర్నుంచి పండగ రోజున కోడి పెట్టిన గుడ్డు తినొచ్చా కూడదా అన్నదాకా తర్కించుకున్న మనుషులు వాళ్ళు. వాళ్ళ తాల్ముద్‌లోంచే ఒక తల్లి కథ చెప్పుకుని ముందుకు పోదాం.

నాలుగో శతాబ్దపు పండితుడు నహ్మాన్ బర్ ఇస్‌హాక్ పసివాడిగా ఉన్నప్పుడు, వీడు దొంగ అవుతాడని జ్యోతిష్కులు వాళ్ళమ్మకు చెప్పారు. ఆవిడ పరిహారాల జోలికి పోలేదు. కొడుకును వట్టి తలతో ఉండనివ్వలేదు, అంతే. తల మీద గుడ్డ ఉంటే దైవభయం ఉంటుందని చెబుతూ ఉండేది. ఎందుకంత పట్టుదలో కొడుక్కి తెలియదు. పెద్దవాడయ్యాడు, పండితుడయ్యాడు. ఒకరోజు ఖర్జూరపు చెట్టు కింద కూర్చుని చదువుకుంటుంటే పైబట్ట తల మీంచి జారిపడింది. తలెత్తి చూశాడు. పైన పళ్ళ గెల. చెట్టు తనది కాదు. అయినా ఎక్కాడు, గెలను పళ్ళతో కొరికి తెంపాడు.

యూదుల మీద గ్రహాల పెత్తనం సాగదని చెప్పడానికి పండితులు వాడుకున్న కథ ఇది. మనకు పనికొచ్చేది అందులో ఒక పక్కన పడి ఉన్న వివరం. తల కప్పుకోవడం ఊరందరి నియమమే అయితే ఆ తల్లి ప్రత్యేకించి చెప్పాల్సిన పనే లేదు. తాల్ముద్‌లోనే మరోచోట ఆనాటి అలవాటు స్పష్టంగా ఉంది: ఆడవాళ్ళ తల ఎప్పుడూ కప్పే ఉంటుంది, పిల్లల తల ఎప్పుడూ వట్టిదే, మగవాళ్ళు ఒకప్పుడు కప్పుకుంటారు, ఒకప్పుడు కప్పుకోరు.

ఇవాళ యూదుడి బొమ్మ గీయమంటే చిత్రకారుడు ముందు నడినెత్తిన అరచేయంత టోపీ పెడతాడు. హీబ్రూలో కిప్పా, యిద్దిష్‌లో యార్మల్కా. కానీ మోషే ధర్మశాస్త్రం ఐదు కాండాలూ తిరగేసినా మగవాడు తల కప్పుకోవాలన్న ఆజ్ఞ ఒక్కటీ దొరకదు. రబ్బీలు లెక్క కట్టిన 613 ఆజ్ఞల్లో ఇది లేదు. అహరోనుకూ అతని కొడుకులకూ తలపాగాలు చెప్పిన మాట నిజమే, ప్రధాన యాజకుడి పాగాకు బంగారు రేకు కూడా కట్టమన్నారు. అది ఆలయ కొలువులో తొడుక్కునే దుస్తు. మామూలు మనిషి తల కప్పుకున్నాడంటే బైబిల్లో ఏదో కీడు జరిగిందనే అర్థం. కొడుకు అబ్షాలోము తిరగబడినప్పుడు దావీదు ఒలీవల కొండ ఎక్కింది తల కప్పుకుని, చెప్పుల్లేకుండా, ఏడుస్తూ. యిర్మీయా చెప్పిన కరువులో నీళ్ళకు పోయి వట్టి కుండలతో తిరిగొచ్చినవాళ్ళు తలలు కప్పుకున్నది సిగ్గుతో.

ఆ దుఃఖపు గుడ్డ భక్తికి గుర్తుగా మారడానికి ఎవరూ శాసనం చేయలేదు. మనకు దొరికేవి చిన్న చిన్న జాడలే. యెహోషువ కొడుకు హూనా అనే పండితుడు వట్టి తలతో నాలుగు మూరల దూరం కూడా నడవలేదట. దైవసన్నిధి తన తలపైనే ఉందన్నది ఆయన నమ్మకం. మరోచోట అదే హూనా ఈ పనికి తనకు ప్రతిఫలం దక్కాలని కోరుకుంటాడు. అందరూ చేసే పనికి ఎవరూ ప్రతిఫలం అడగరు కదా! ఆయన దగ్గర అది సొంత నిష్ఠ. పన్నెండు వందల ఏళ్ళ తర్వాత అదే నాలుగు మూరల కొలత న్యాయగ్రంథంలోకి ఎక్కి కోట్లాది తలలకు వర్తించింది.

ఆ కాలంలో తలగుడ్డకు ఇంకో అర్థం ఉండేది. బాబిలోనియాలో పెళ్ళయిన మగవాడు సుద్రా అనే వస్త్రం తలకు చుట్టుకునేవాడు. హమ్నూనా అనే కుర్ర పండితుణ్ణి అందరూ మెచ్చుకుంటుంటే పెద్దాయన హూనా (ఈయన వేరే హూనా, తాల్ముద్‌లో హూనాలకు కొదవ లేదు) చూద్దామని పిలిపించాడు. కుర్రవాడు సుద్రా లేకుండా వచ్చాడు. ఏమయ్యా అంటే పెళ్ళి కాలేదన్నాడు. పెద్దాయన మొహం తిప్పుకుని, పెళ్ళి చేసుకునేదాకా నా కళ్ళబడకు అన్నాడు.

గ్రంథాలు సరే, బొమ్మలు ఏం చెబుతాయి? యూఫ్రటీసు గట్టున, ఇప్పటి సిరియాలో, దురా యూరోపస్ అనే కోట ఊరు ఉండేది. 256 ప్రాంతంలో ససానీ సైన్యం ముట్టడించినప్పుడు రోమన్లు కోటగోడకు బలం కోసం దాన్ని ఆనుకుని ఉన్న కట్టడాలను మట్టితో పూడ్చేశారు. ఆ మట్టి కింద ఒక సినగాగ్ గోడలు రంగులతో సహా 1932 దాకా నిలిచాయి. ఆ చిత్రాలిప్పుడు డమాస్కస్ మ్యూజియంలో ఉన్నాయి. అందులో ఐగుప్తునుంచి జనాన్ని నడిపించే మోషే రోమన్ పెద్దమనిషిలా ఉంటాడు, తల మీద ఏమీ ఉండదు. టోపీ ఉన్నది యాజకుడైన అహరోనుకు. మూడో శతాబ్దంలో సాటి యూదులు డబ్బు పెట్టి తమ ప్రార్థనా మందిరంలో గీయించుకున్న మోషే అతను!

అంతకు ముందే పక్కింట్లో ఒక విషయం జరిగింది. మొదటి శతాబ్దం మధ్యలో పౌలు కొరింథులోని క్రైస్తవులకు రాసిన లేఖలో, మగవాడు తల కప్పుకుని ప్రార్థిస్తే తలకు అవమానమన్నాడు, స్త్రీకి దీనికి తిరగేసి చెప్పాడు. మన తెలుగు క్రైస్తవ ఇళ్ళలో ప్రార్థన అనగానే ఆడవాళ్ళు కొంగు తల మీదికి లాక్కోవడానికి మూలం ఆ లేఖే. యూరపంతా క్రైస్తవమయ్యాక, చర్చిలోనూ దొర ముందూ టోపీ తీయడం మర్యాదగా స్థిరపడింది. యూదుల టోపీ చరిత్రలో పౌలుకు ఇచ్చినంత చోటు మోషేకు ఇవ్వలేమని నా అభిప్రాయం. రబ్బీలెవరైనా చదివితే కోప్పడతారేమో గానీ, ముందు ముందు వాళ్ళలో ఒకాయనే ఇంచుమించు ఈ మాట అంటాడు.

మధ్యయుగంలో కూడా ఈ విషయంలో ఏకాభిప్రాయం లేదు. ఈజిప్టులో ఉన్న మైమోనిడీస్ తల కప్పుకోకుండా ప్రార్థించకూడదని రాశాడు. 13వ శతాబ్దంలో వియన్నా పండితుడు ఇస్సాకు బెన్ మోషే, ఫ్రాన్స్ రబ్బీలు వట్టి తలలతోనే దీవెన మాటలు పలుకుతారనీ, అది తనకు నచ్చదనీ రాశాడు. రబ్బీలు! మామూలు జనం సంగతి చెప్పాలా?

అప్పుడే రోమ్‌నుంచి కొత్త ఒత్తిడి మొదలైంది. 1215లో పోప్ మూడో ఇన్నొసెంట్ జరిపిన లాటరన్ మహాసభ, యూదులూ ముస్లింలూ దుస్తుల్లో క్రైస్తవులకు వేరుగా కనబడాలని తీర్మానించింది. ఎలా వేరుగా అన్నది ఏ దేశానికి ఆ దేశం తేల్చుకుంది. జర్మన్ ప్రాంతాల్లో యూదులు అప్పటికే పైన మొన తేలిన ఒక రకం టోపీ పెట్టుకునేవారు. 1267లో వియన్నా చర్చి సభ ఆ మొన టోపీ తప్పనిసరి చేసింది. తీర్మానంలో ఫిర్యాదు ఏమిటో తెలుసా? వీళ్ళు అలవాటుగా పెట్టుకునే టోపీని ఈ మధ్య పొగరుగా మానేశారు, మళ్ళీ పెట్టుకోవాలి అని. నిన్నటిదాకా ఇష్టంతో పెట్టుకున్నదాన్ని ఇవాళ జరిమానా భయంతో పెట్టుకోవాలి. 1300 ప్రాంతంలో దక్షిణ జర్మనీలో రాసిన ఒక పస్కా పుస్తకం యెరూషలేములోని ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉంది. అందులో యూదులకు మనిషి మొహాలు ఉండవు, పక్షి ముక్కులుంటాయి. ఆ పక్షి తలల మీద మాత్రం మొన టోపీలు తప్పలేదు. గీయించుకున్నది యూదులే. అప్పటికి ఆ టోపీ పగవాడు రుద్దిందా, తమ సొంతమా అని విడదీయడం వాళ్ళకే సాధ్యం కాలేదేమో.

1555లో పోప్ నాలుగో పాల్ రోమ్ యూదులను గెట్టోలోకి తోసి, మగవాళ్ళకు పసుపు టోపీ విధించాడు. తూర్పున ఒట్టోమన్ రాజ్యంలో ఎవరి మతానికి తగ్గ తలపాగా వారిది. 1666లో తానే మెస్సీయనని ప్రకటించుకుని సగం ప్రపంచపు యూదులను ఊరించిన షబ్బతై జ్వీని ఎడిర్నేలో సుల్తాను నాలుగో మెహ్మెద్ ముందు నిలబెట్టారు. ప్రాణమా, మతమా అన్నారు. అతను యూదుల టోపీ తీసేసి తురక పాగా చుట్టుకున్నాడు. ఆ వార్త విన్నవాళ్ళకు వేరే వివరణ అవసరం లేకపోయింది.

సరిగ్గా ఈ కాలంలోనే తలగుడ్డ న్యాయగ్రంథంలోకి ఎక్కింది. గలిలయలోని సఫేద్‌లో యోసెఫ్ కారో కూర్చిన ‘షుల్హాన్ అరూఖ్’ 1565లో వెనిస్‌లో అచ్చయింది. వట్టి తలతో నాలుగు మూరలు నడవరాదని అందులో ఉంది. హూనా సొంత నిష్ఠ ఇప్పుడు అందరి నిత్యవిధి. అయితే అదే కాలంలో పోలండ్‌లో సాలమన్ లూరియా అనే రబ్బీ ఉన్నాడు. నిజాన్ని ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. తలనొప్పి ఉన్నవాడు వట్టి తలతో భోంచేయొచ్చా అని ఒకరు అడిగితే ఆయనిచ్చిన జవాబు ఈ మొత్తం చరిత్రలో నాకు నచ్చిన పత్రం. వట్టి తలతో దేవుడి పేరు పలకడాన్ని నిషేధించే మాట తనకెక్కడా కనబడలేదన్నాడు. అయితే జనం దీన్ని పెద్ద తప్పుగా ఎంచుతున్నారు గనుక వాళ్ళ ఎదుట అలా చేయవద్దన్నాడు. శాస్త్రం ఒకటి, నలుగురి నమ్మకం ఇంకొకటి అని విడదీసి చూపించి, చివరికి నలుగురి వైపే తీర్పు చెప్పాడు.

తర్వాతి శతాబ్దంలో డేవిడ్ హలేవీ సెగల్ కొత్త కారణం కనిపెట్టాడు. క్రైస్తవులు కూర్చోగానే టోపీ తీస్తారు, అది వాళ్ళ ఆచారం. అన్యుల ఆచారాన్ని అనుసరించకూడదని తోరాలో ఆజ్ఞ ఉంది. కాబట్టి టోపీ తీయడం ఆజ్ఞను మీరడమే అన్నాడు. ఇందాక నేనన్న మాట అన్నది ఈయనే. మోషే చెప్పని నియమం మోషే ఆజ్ఞ కిందికి వచ్చింది, దారి చూపింది పక్కింటి వాళ్ళ మర్యాద. 18వ శతాబ్దంలో విల్నా మహాపండితుడు ఎలియాహు మళ్ళీ మొదటికొచ్చి, ఇది మంచి నడవడికే తప్ప నిషేధం ఏదీ లేదన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. అప్పటికే టోపీ లేని యూదుణ్ణి తూర్పు యూరప్‌లో ఊహించలేని స్థితి.

పడమటి యూరప్‌లో మాత్రం ఊహించగలిగారు. 1853లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో సామ్సన్ రఫాయెల్ హిర్ష్ స్థాపించిన బడిలో పిల్లలు తోరా పాఠానికి టోపీ పెట్టుకునేవారు, లెక్కలకూ జర్మన్‌కూ తీసేసేవారు. ఆ బడిలో పనిచేయడానికి వచ్చిన డేవిడ్ హాఫ్‌మన్ అనే యువ పండితుడు హిర్ష్ ముందుకు టోపీతోనే వెళ్ళాడు. హిర్ష్ తీయమన్నాడు. ఇక్కడ పెద్దవారి ముందు టోపీ తీయడం పద్ధతి, యూదుడు కాని ఉపాధ్యాయుడెవరైనా చూస్తే నువ్వు నన్ను లెక్కచేయడం లేదనుకుంటాడు అని సర్దిచెప్పాడు. హిర్ష్ ఏ ఉదారవాదో కాదు, జర్మనీ సనాతన యూదులకు పెద్దదిక్కు. ఆయన శత్రువులు రిఫార్మ్ పక్షంవాళ్ళు. వాళ్ళు ఇంకా ముందుకెళ్ళి 1885లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఆహారం, దుస్తుల గురించిన పాత విధులు తమకు పనికిరావని ప్రకటించేశారు. తమాషా ఏమిటంటే వాళ్ళ మనవలూ మునిమనవలూ ఇప్పుడు సినగాగ్‌లో మళ్ళీ కిప్పా పెట్టుకుంటున్నారు, ఆడవాళ్ళతో సహా.

ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో ఈ అరచేయంత గుడ్డ సుప్రీంకోర్టు దాకా పోయింది. సిమ్కా గోల్డ్‌మన్ వైమానిక దళంలో సైకాలజిస్టు, రబ్బీ కూడా. యూనిఫాం మీద కిప్పాతోనే పనిచేసేవాడు, చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1981లో ఒక సైనిక విచారణలో నిందితుడి తరఫున సాక్ష్యం చెప్పాడు. వెంటనే అవతలి న్యాయవాదికి కిప్పా కనిపించింది. 1986లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో సైన్యం వైపే తీర్పిచ్చింది. సైనికుడి తల మీద ఏముండాలో చెప్పేది సైన్యమే అన్నది.

దానికి మూడేళ్ళ ముందే బీరూట్‌లో ఇంకో సంఘటన జరిగింది. 1983 అక్టోబరు 23న ట్రక్కు బాంబు పేలి 241 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. ఆ సమయంలో అక్కడున్న నౌకాదళ రబ్బీ ఆర్నాల్డ్ రెస్నికాఫ్ శిథిలాల మధ్య గాయపడినవాళ్ళ మొహాల మీది రక్తమూ దుమ్మూ తన కిప్పాతో తుడిచాడు. అది ఇక పెట్టుకోవడానికి పనికిరాకుండా పోయింది. పక్కనున్న క్యాథలిక్ ఫాదర్ జార్జ్ పుచ్చరెల్లి తన యూనిఫాం గుడ్డ ఒక ముక్క చింపి రబ్బీ తల మీద పెట్టాడు. యూదు పురోహితుడు కూడా అక్కడున్నాడని సైనికులకు కనబడాలన్నది ఆయన ఉద్దేశం. కోర్టు తీర్పు తర్వాత అమెరికన్ కాంగ్రెస్‌లో చర్చ జరిగినప్పుడు ఈ కథ కూడా వినిపించింది. 1987లో సైనికులు యూనిఫాంతో పాటు ఆడంబరం లేని మతచిహ్నాలు ధరించవచ్చని చట్టం వచ్చింది.

ఇజ్రాయెల్‌లో ఎవరి కిప్పా ఎలాంటిదో చూసి ఎవరికి ఓటేస్తారో దాదాపుగా చెప్పేయవచ్చు. నల్ల మఖమలు అయితే హరేదీ, అంటే కఠిన సనాతనులు. రంగు దారంతో అల్లినదైతే మతనిష్ఠతో పాటు జాతీయవాదమూ ఉన్నవాడు, 1967 యుద్ధం తర్వాత ఆక్రమిత భూముల్లో కట్టిన కాలనీలతో ఆ అల్లిక ముడిపడిపోయింది. 2021లో ప్రధాని అయిన నఫ్తాలీ బెనెట్‌ది అలాంటిదే, నిత్యం కిప్పా పెట్టుకునే మొదటి ప్రధాని ఆయన. ఇక హరేదీల్లోనే ఒక భక్తి శాఖ అయిన హసీదులు పెళ్ళయ్యాక షబ్బాత్ (శనివారపు విశ్రాంతి దినం) నాడు పెట్టుకునే ష్ట్రైమెల్ జంతువుల బొచ్చుతో చేసిన పెద్ద గుండ్రటి టోపీ. ఖరీదు వేల డాలర్లు. 2021లో ఇజ్రాయెల్ బొచ్చు వ్యాపారాన్ని నిషేధించినప్పుడు మతావసరాలకు మినహాయింపు పెట్టింది, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ఎవరో దొర యూదులను వెక్కిరించడానికి తల మీద జంతువు తోక పెట్టుకోమన్నాడనీ, వాళ్ళు దాన్నే కిరీటంగా మార్చుకున్నారనీ హసీదుల్లో ఒక కథ ఉంది. ఆధారం లేదు గానీ, మొన టోపీ చరిత్ర చూశాక ఆ కథ ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలోనూ కిప్పాలున్నాయి. బెనే ఎఫ్రాయిం అని తమను చెప్పుకునే తెలుగు కుటుంబాలు మూడు దశాబ్దాలకు పైగా అక్కడ యూదాచారం పాటిస్తున్నాయి. వాళ్ళ గురించి వేరే భాగంలో తీరిగ్గా రాస్తాను.

యూరప్‌లో కిప్పా మళ్ళీ ఇబ్బందిలో పడింది. ఫ్రాన్స్ 2004లో ప్రభుత్వ బడుల్లో ముస్లిం ముసుగుతో పాటు కిప్పానూ నిషేధించింది. 2018 ఏప్రిల్‌లో బెర్లిన్ వీధిలో కిప్పాతో పోతున్న యువకుణ్ణి ఒకడు బెల్టుతో కొట్టాడు. దెబ్బలు తిన్నవాడు యూదుడే కాదు, ఇజ్రాయెల్‌నుంచి వచ్చిన అరబ్బు. కిప్పాతో తిరిగితే నిజంగా ప్రమాదమా అని తేల్చుకుందామని పెట్టుకున్నాడు. తేలింది. మరుసటి ఏడాది జర్మనీలో యూదు వ్యతిరేకతను అరికట్టడానికి నియమించిన అధికారి ఫెలిక్స్ క్లైన్, అన్నిచోట్లా అన్నివేళలా కిప్పా పెట్టుకోమని యూదులకు సలహా ఇవ్వలేనన్నాడు. దుమారం రేగింది. ‘బిల్డ్’ పత్రిక కత్తిరించి పెట్టుకోమని మొదటి పేజీలో కాగితపు కిప్పా అచ్చువేసింది.

ఇంతసేపూ మగవాళ్ళ సంగతే చెప్పుకున్నాం. ఆడవాళ్ళ తల విషయంలో మొదటినుంచీ చట్టం గట్టిది. సంఖ్యాకాండములో వ్యభిచారం అనుమానించిన భర్త భార్యను యాజకుడి దగ్గరికి తీసుకొస్తే, యాజకుడు ఆమె తల విప్పుతాడు. విప్పడం అవమానమైతే కప్పి ఉండటమే రివాజు అని రబ్బీలు అర్థం తీశారు. తాల్ముద్‌కు పునాది అయిన, 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా ప్రకారం వట్టి తలతో వీధిలోకి వెళ్ళిన భార్యను పెళ్ళినాటి ఒప్పందపు సొమ్ము ఇవ్వకుండానే వదిలేయొచ్చు. పెళ్ళికాని పిల్లకు ఈ నియమం లేదు.

అదే మిష్నాలో ఒక వ్యాజ్యం ఉంది. సంతలో ఒకడు ఒక స్త్రీ తలగుడ్డ లాగేశాడు. రబ్బీ అకీవా 400 జూజ్‌లు జరిమానా వేశాడు. కన్యను పెళ్ళాడినవాడు రాసిచ్చే సొమ్ముకు ఇది రెట్టింపు. వాడు గడువు అడిగి, సాక్షులను చాటున నిలబెట్టి, ఆమె వాకిట్లో నిలబడ్డ సమయం చూసి పైసా విలువచేసే నూనె కుండ ఒకటి అక్కడే పగలగొట్టాడు. ఆమె తలగుడ్డ తీసి, ఒలికిన నూనె అరచేత్తో అద్ది తలకు రాసుకుంది. చూశారా, ఈమెకా నేను 400 ఇవ్వాల్సింది అని వాడు వాదించాడు. అకీవా చలించలేదు. తన ఒంటికి తాను చేసుకుంటే శిక్ష లేదు, ఇంకొకడు చేస్తే ఉంటుంది అన్నాడు. ఆమె పేదరికం గురించి మిష్నా ఒక్క మాట కూడా అనదు. పైసా నూనె చాలు, మనకు తెలిసిపోతుంది.

తాల్ముద్‌లో ఇంకొక స్త్రీ కిమ్హిత్. ఏడుగురు కొడుకులూ ప్రధాన యాజకులయ్యారు. ఏం పుణ్యం చేశావమ్మా అంటే, నా జడలను మా ఇంటి దూలాలు కూడా చూడలేదంది. బోధకులు ఇప్పటికీ ఈ కథ చెబుతారు. చాలామంది అలా చేశారు గానీ ఫలితం రాలేదని పండితులు వెంటనే తగిలించిన మాటను మాత్రం అంత తరచుగా చెప్పరు.

చట్టం గట్టిదైన కొద్దీ ఉపాయం పదునెక్కింది. జుట్టును జుట్టుతోనే కప్పితే? 16వ శతాబ్దంలో ఇటలీ పండితుడు యెహోషువ బోవజ్ విగ్గుకు అనుమతి ఇచ్చాడు. తర్వాత ఐరోపా దొరసానుల్లో విగ్గుల మోజు పెరిగేకొద్దీ యూదు స్త్రీలకూ అది అలవాటైంది. విగ్గును యిద్దిష్‌లో షైటెల్ అంటారు. అందంగా కనబడితే కప్పుకున్న ప్రయోజనమేమిటని చాలామంది మండిపడ్డారు. ప్రెస్‌బర్గ్ రబ్బీ మోషే సోఫర్ తన ఇంటి ఆడవాళ్ళకు విగ్గు కూడదన్నాడు. ఆ దారిలో నడిచిన హంగేరీ హసీదు స్త్రీలు కొందరు పెళ్ళయ్యాక తల గొరిగించుకుని గుడ్డ కట్టుకుంటారు. జారు నికొలస్ 1851లో రష్యాలో ఈ గొరగడాన్ని నిషేధించాడు, ఫలితం పెద్దగా లేదు. న్యూయార్క్‌లో లుబావిచ్ రబ్బీ మెనాకెమ్ ష్నీర్సన్ ఇందుకు పూర్తిగా ఎదురు చెప్పాడు. గుడ్డ అయితే నలుగురిలో మొహమాటపడి వెనక్కి జరుపుతారు, విగ్గు అయితే దేశాధ్యక్షుడే గదిలోకి వచ్చినా తీయరు, కాబట్టి విగ్గే మేలన్నది ఆయన తర్కం.

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ యూదు ఆడవాళ్ళకు మంచి విగ్గు కావాలంటే పొడవైన, రంగు వేయని, అసలైన జుట్టు కావాలి. ప్రపంచంలో అలాంటి జుట్టు కుప్పలుగా దొరికే చోటు ఎక్కడుందో తెలుగు పాఠకుడికి నేను చెప్పాలా?

తిరుమల కళ్యాణకట్టలో కత్తి కింద రాలిన తలనీలాలు వేలంలో అమ్ముడై, శుభ్రపడి, పొడవుల వారీగా వేరుపడి, విదేశాల్లో విగ్గులవుతాయని యూదు పండితులకు ఎంతోకొంత తెలుసు. 1990లో ఈ ప్రశ్న యెరూషలేములో రబ్బీ యోసెఫ్ షాలోమ్ ఎల్యాషీవ్ ముందుకొచ్చింది. జుట్టు తీయించుకోవడం అక్కడ పూజ కాదని అందిన సమాచారం మీద ఆయన అభ్యంతరం చెప్పలేదు. 2004లో మళ్ళీ సందేహం లేచింది. లండన్ నుంచి రబ్బీ అహరోన్ డేవిడ్ డనర్ తిరుమలకు వచ్చి, చూసి, మనుషులను అడిగి వెళ్ళాడు. ఇది దేవుడికి చేసే సమర్పణే అన్నది ఆయన తెచ్చిన సమాచారం సారాంశం. ఆ మే నెలలో, 94 ఏళ్ళ వయసులో, ఎల్యాషీవ్ తన పాత తీర్పు మార్చుకున్నాడు.

విగ్రహానికి అర్పించిన వస్తువు యూదు న్యాయంలో మామూలు అశుద్ధం కాదు. దాన్ని వాడకూడదు, అమ్మకూడదు, దానమివ్వకూడదు, ఏ రకంగానూ లాభం పొందకూడదు. నాశనం చెయ్యాలి. అందుకే వేల డాలర్ల విగ్గులు బ్రూక్లిన్ వీధుల్లో, ఇజ్రాయెల్‌లోని బ్నే బ్రాక్‌లో, యెరూషలేములో మంటల్లో పడ్డాయి. దుకాణాల్లో సింథటిక్ విగ్గులకు ఎగబడ్డారు. ఏళ్ళ తరబడి విగ్గుతో తప్ప కనబడని ఆడవాళ్ళు తలగుడ్డలతో బయటికొచ్చారు.

ఎదురువాదం లేకపోలేదు. గొరిగేది గుళ్ళో కాదు, విడిగా ఉన్న కట్టడంలో. గొరిగేవాడు పూజారి కాదు, క్షురకుడు. ఆ జుట్టు గర్భగుడి గడప తొక్కదు. భక్తుడు వదులుకునేది అహంకారాన్ని, జుట్టు దానికి గుర్తు మాత్రమే అన్నారు కొందరు రబ్బీలు. నన్నడిగితే రెండు పక్షాలూ మన గురించి నిజమే చెప్పాయి. స్వామి తల మీద వెంట్రుకలు లేని చోట నీలాదేవి తన కురులు కోసి పెట్టిందనీ, భక్తుల తలనీలాలు ఆమెకు చెందాలని స్వామి వరమిచ్చాడనీ కొండ మీద చెప్పుకుంటారు. ఈ కథ వింటే ఏ రబ్బీ అయినా ఇది సమర్పణే అంటాడు. వరుసలో కూర్చున్న భక్తుణ్ణి అడిగితే మొక్కు తీర్చుకుంటున్నానంటాడు, అహంకారం పోవాలని కూడా అంటాడు, ఒకే ఊపిరిలో. మనకు ఆ రెండింటికీ పేచీ లేదు. వాళ్ళ న్యాయశాస్త్రానికి అవునో కాదో తేలాలి.

స్పెయిన్ మూలాలున్న సెఫార్దీ యూదుల పెద్ద, రబ్బీ ఒవాడియా యోసెఫ్, అంతకు చాలా ముందునుంచే విగ్గును ఏ జుట్టుదైనా ఒప్పుకోలేదు. ఆయన మాట పాటించే ఇళ్ళలో ఆ మే నెలలో కాల్చాల్సింది ఏమీ లేకపోయింది. మిగతావాళ్ళు ఆహారానికి కోషర్ ముద్ర చూసినట్టే విగ్గుకూ చూడటం మొదలుపెట్టారు. ఈ జుట్టు ఏ దేశానిదో రబ్బీలు ఆరా తీసి ధ్రువపత్రం ఇస్తారు. ఆ పత్రాలను ఎంతవరకు నమ్మవచ్చన్న దాని మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

(వచ్చే వారం: షబ్బాత్)